అమ్మీ దమ్ము, అబ్బాయి ఫోను
మన ఇళ్లలో పెద్దవాళ్ల దమ్మును వయసు మీదికి నెట్టేసి ఊరుకుంటాం. బీడీ పొగ, కట్టెలపొయ్యి పొగ ఏళ్ల తరబడి ఊపిరితిత్తులను తినేస్తే వచ్చే జబ్బు ఇది. డాక్టర్లు సీఓపీడీ అంటారు. 2021లో ప్రపంచవ్యాప్తంగా 35 లక్షల మంది దీనితో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇన్‌హేలర్ వేళ గుర్తుచేసే, ఆయాసం ఏ రోజు ఎంతుందో రాసిపెట్టే యాప్‌లు ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఉన్నాయి. మంచిదే. కానీ ఫోను అబ్బాయి జేబులో, దమ్ము అమ్మీకి! పక్కన కూర్చొని, రాత్రి నిద్ర పట్టిందా, కఫం రంగు మారిందా అని అడిగేవారు లేనిదే యాప్ ఏం చేస్తుంది? తల్లిదండ్రుల సేవను ఇబాదత్ అనుకునే మనకు ఈ ఐదు నిమిషాలు బరువా?

రమజాన్‌లో ఇది మరీ అవసరం. రోజా భంగమవుతుందేమోనని కొందరు ఎవరికీ చెప్పకుండా ఇన్‌హేలర్ మానేస్తారు. భంగమవుతుందా లేదా అన్నదానిపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. రోగికి అల్లాహ్ ఇచ్చిన మినహాయింపుపై మాత్రం భేదం లేదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు కూడా. రోజుకు రెండుసార్లు పీల్చే మందైతే సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చవచ్చేమో డాక్టరును ముందే అడగాలి. సరేనంటే యాప్‌లో గంట ఆ వేళలకే పెట్టాలి. పగటిపూట ఊపిరి అందకపోతే ఇఫ్తార్ దాకా ఆగకుండా ఉపశమన ఇన్‌హేలర్ ఇవ్వాలి. తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.