జిల్లా పరిషత్తు ఎన్నికయు, భావనపాటి వోటరును

శాసనసభ ఎన్నిక వచ్చినపుడు టెక్కలి మొదలు భావనపాడు వరకు దారి పొడవునను తోరణములే. జిల్లా పరిషత్తు ఎన్నిక యన్నచో పెదవి విరుపు. ఎమ్మెల్యే యుండగా జడ్పీటీసీ యెందులకని చదువుకొన్న పట్టణవాసులే ప్రశ్నించుట మేము వినుచున్నాము. ఈ యుదాసీనతను మేము మన్నింపజాలము.

చట్టములు చేయుటకు శాసనసభ కలదు. బడి కప్పు కారుట, చేపలబండి బాటలో దిగబడుట, కొళాయి యెండుట చట్టముల విషయములు కావు. రాజ్యాంగము పదునొకండవ అనుబంధమున పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. త్రాగునీరు, మత్స్యపరిశ్రమ, బాటలు, పాఠశాలలు అందున్నవి. పరిషత్తునకు ఏడు స్థాయీసంఘములు కలవు. సర్వసభ్య సమావేశమున ఎమ్మెల్యేలును ఎంపీలును కూర్చుందురు. అధికారులు వచ్చి సమాధానము చెప్పుకొందురు. సంతబొమ్మాళి మండలమొక్కటే తన పనిగా గలవాడు ఆ సభలో జడ్పీటీసీ సభ్యుడు.

2023 డిసెంబరు 14వ తేదీన పలాసయందు మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రియు, హిరమండలము జలాశయము నుండి ఉద్దానమునకు నీరు తెచ్చు పథకమును ప్రారంభమయ్యెను. మంచిదే. కాని ప్రారంభోత్సవమునకు వచ్చినవారు మరునాడు వెడలిపోదురు. ఏ యూరి గొట్టము పగిలినది, ఏ వీధికి నీరు రాలేదు అని మూడు నెలలకొకమారైనను నిలదీసి యడుగువారెవరు?

ఇదే మండలమున కాకరాపల్లి కలదు. 2011 ఫిబ్రవరి 28వ తేదీన థర్మల్ విద్యుత్కేంద్రమును ప్రతిఘటించిన ప్రజలపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణములు పోయినవి. తంపర భూములు ఎవరికి, ఎందులకు అను ప్రశ్న తుపాకి యెదుట కాక ముందుగా పరిషత్తు సభలో బహిరంగముగ తేలవలసినది. 2023 ఏప్రిల్‌లో మూలపేటయందు రేవునకు శంకుస్థాపన జరిగినది. మొదట భావనపాటి పేరు పెట్టుకొన్న రేవిది. పేరు తరలిపోయినను దాని మంచిచెడ్డలు మనవే.

1884 నాటి స్థానిక బోర్డుల చట్టము క్రింద జిల్లా బోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు. ఆ పెత్తనమును తొలగించుటకు మన పెద్దలు ఎన్నియో యేండ్లు పోరాడిరి. మనమో, దానిని తిరిగి పిలిచి పీట వేయుచున్నాము! రాజ్యాంగము 243-ఇ అధికరణము గడువు ముగియక పూర్వమే ఎన్నిక ముగియవలెనని శాసించుచుండగా, 2011లో గడువు తీరిన పరిషత్తులకు 2014 వరకు, 2019లో తీరినవానికి 2021 వరకు ఎన్నిక పూర్తికాలేదు. ఆ నడిమి కాలమున ప్రత్యేకాధికారులు ఏలిరి. ఒక్క ఊరేగింపు లేదు, ఒక్క నిరసన తీర్మానము లేదు.

2021 ఏప్రిల్ 8వ తేదీన వేసిన వోట్లు న్యాయస్థాన వ్యవహారమున చిక్కి అయిదు నెలలకు పైగా పెట్టెలలో మ్రగ్గి, సెప్టెంబరు 19వ తేదీన వెలుగు జూచినవి. ప్రధాన ప్రతిపక్షము పోటీ నుండి తొలగుచున్నట్లు పోలింగునకు కొలది దినములు ముందుగా ప్రకటించెను. పాలకపక్షము తీరు అన్యాయమైనచో దానిని వోటరు యెదుట నిలబెట్టవలెను గాని, వోటరునే ఒంటరిగా విడిచిపోవుట ఏమి నీతి? ఇక ఏకగ్రీవమను ముద్దుపేరుతో గుడి మంటపమున బేరమాడి పదవిని ముగించు ఊరిపెద్దలకు మేము చెప్పునది వేరొకటి లేదు: గ్రామము వోటు మీ సొత్తు కాదు.

మరియొక సంగతి కలదు. దీనిని ఏ పక్షమును ఎత్తుట లేదు. మన తీరపు మత్స్యకారులు అనేకులు గుజరాతునందలి వెరావలునకు వేటకై పోయి యేడాదిలో అధికభాగము అచటనే గడుపుదురు. పడమటి తీరమున వేట నిషేధము జూన్ 1 నుండి జూలై 31 వరకు. వారు ఇండ్లకు మరలునది అప్పుడే. ఏప్రిల్ ఎన్నికలో వారి వోటు లేనట్లే. పరిషత్తు ఎన్నికల తేదీని జూన్, జూలై మాసములలో నిర్ణయింపవలెనని రాష్ట్ర ఎన్నికల సంఘమునకు మహజరు పంపుడు. భావనపాటి పఠనమందిరమున కూడువారు నేడే ఆ కాగితమును వ్రాయ మొదలిడవచ్చును. న్యాయశాస్త్రపు మాటలు కావలసినచో మేము సమకూర్చెదము.