అప్పు చేసినోడు దొంగ కాదు!

అప్పు మాట వస్తే ఈ దేశంలో రెండు నీతులు నడుస్తున్నాయి. కోట్లు మింగిన కంపెనీది 'మొండి బాకీ'. పదివేలు ముట్టజెప్పలేని గుమాస్తాది 'ఎగవేత'. కంపెనీ యజమానికి బ్యాంకు కుర్చీ వేసి, చాయ్ తాగించి మాట్లాడుతుంది. గుమాస్తా ఇంటి ముందు ఫైనాన్సు మనిషి బండి ఆపి, వాడకట్టంతా వినేటట్టు పేరు పెట్టి పిలుస్తాడు. ఈ రెండు నీతుల మీదనే మా కొట్లాట.

"కూలినాలి చేసెటోళ్లు ఉన్నదాంట్ల సర్దుకోరు. పెండ్లిళ్లకు, పండుగలకు తెచ్చి ఖర్చుపెడతరు, ఆనక ఏడుస్తరు" అని చదువుకున్న మిత్రులు కూడా అంటుంటారు. ఆఫీసు క్యాంటీన్లలో, కాలేజీ హాస్టళ్లలో ఈ మాట మేం వింటూనే ఉన్నాం. ఇది అబద్ధం. లెక్క తీసి చూపిస్తాం.

నెల లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఆబిడ్స్‌లో బట్టల షాపుల నిండా సేల్స్‌మెన్లున్నారు. వాళ్లలో ఒకరిని తీసుకుందాం. ఆయన భార్య నాంపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. ఇద్దరు పిల్లలు. ఇద్దరి జీతం కలిపి 26 వేలు అనుకుందాం. కిరాయి, కరెంటు 8 వేలు. బియ్యం, పప్పు, నూనె, పాలు, కూరగాయలు, గ్యాస్ 9 వేలు. పిల్లల ఫీజులు, పుస్తకాలు 4 వేలు. ఆమెకు 2023 డిసెంబర్ నుంచి సిటీ బస్సు ఉచితం గనుక ఆయన పెట్రోలు, ఇంటి ఫోన్లు 2 వేలు. మందులు, చిల్లర వెయ్యి. మొత్తం 24 వేలు. మిగిలేది 2 వేలు. ఇందులో సినిమా లేదు, బంగారం లేదు, తాగుడు లేదు. ఇది అన్నీ సక్కగ నడిచిన నెల లెక్క.

ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చి దవాఖానలో 40 వేల బిల్లు అయితే? నెలకు 2 వేల మిగులుతో ఆ సొమ్ము కూడబెట్టాలంటే 20 నెలలు పడుతుంది. జ్వరం 20 నెలలు ఆగదు. కాబట్టి అప్పు. ఇందులో దుబారా ఎక్కడున్నదో ఆ నీతులు చెప్పేవాళ్లే చూపించాలి.

అప్పు కూడా ఒక వరుసలో వస్తుంది. ముందు మేనమామను, బావమరిదిని అడుగుతారు. తర్వాత షాపు సేటు దగ్గర అడ్వాన్సు. ఆ తర్వాత పుస్తెలతాడు కుదువ. ఆపైన ఆడోళ్ల గ్రూపు లోను. అన్ని తలుపులు మూసుకున్నాక గిరిగిరి ఫైనాన్సు. కట్టేటప్పుడు మాత్రం ఈ వరుస తిరగబడుతుంది. రోజూ గుమ్మం ముందు నిలబడి అరిచేవాడికే ముందు ముట్టజెప్పాలి. చప్పుడు చేయకుండా వడ్డీ పెరిగే బంగారం వెనక్కు పోతుంది. చివరకు ఒకనాడు వేలం నోటీసు వస్తుంది. ఏ వడ్డీ ఎక్కువ, ఏది ముందు తీర్చాలి అని ఆ ఇల్లాలికి తెలియక కాదు. పరువు కాపాడుకునే ఖర్చు అన్ని వడ్డీల కంటే పెద్దది.

గిరిగిరి వడ్డీ గుట్టు

గిరిగిరి లెక్క తెలియని గల్లీ ఈ నగరంలో లేదు. రాసుకునేది పదివేలు. చేతికిచ్చేది తొమ్మిది వేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "నూటికి పదే కదా" అంటాడు ఫైనాన్సరు. అది కనికట్టు. మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతున్నది. వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండే సొమ్ము నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి రూపాయల వడ్డీ అంటే నూటికి 22. ఏడాదికి లెక్కిస్తే నూటికి 80 పైచిలుకు! బ్యాంకు ఇంటి లోను మీద అర శాతం పెరిగితే పేపర్లలో పెద్ద వార్త. నూటికి 80 గుంజే వడ్డీ ఏ వార్తకూ ఎక్కదు.

ఇప్పుడు ఈ గిరిగిరి ఫోన్లోకి కూడా వచ్చింది. 2020 డిసెంబర్‌లో లోన్ యాప్‌ల వేధింపులకు మన రాష్ట్రంలో ప్రాణాలు పోయాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు వేసిన కమిటీ దాదాపు 1,100 అప్పుల యాప్‌లను లెక్కగట్టి, అందులో 600 అక్రమమైనవని 2021 నవంబర్‌లో చెప్పింది. సగానికి పైగా దొంగవే! ఫోన్‌లోని నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పంపి మనిషిని బజారున పడేసే దందా ఇది. గుమ్మం ముందు అరిచినా, ఫోన్ల అరిచినా పెట్టుబడి ఒక్కటే, మన సిగ్గు.

చట్టం ఒకటి చెబుతుంది, చెక్కు ఇంకొకటి చేస్తుంది

చట్టం ఏమంటున్నదో మన ఉద్యోగ మిత్రులు, లా విద్యార్థులు గల్లీ గల్లీలో చెప్పాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కోర్టు డిక్రీ ఉన్నా సరే అప్పులవాడి వంట పాత్రలు, కట్టుబట్టలు, పడక, చేతిపని చేసుకునే పనిముట్లు జప్తు చేయకూడదు. మత ఆచారం ప్రకారం ఆడమనిషి తన ఒంటి మీద నుంచి తీయకూడని నగను ముట్టకూడదు. కూలీలు, ఇంటి పనివాళ్ల కూలి డబ్బును తాకకూడదు. జీతగాడి జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు అతనికే వదలాలి. కట్టే స్తోమత లేని మనిషిని కేవలం అప్పు కోసం జైల్లో పెట్టడం అన్యాయమని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ కృష్ణయ్యర్.

మరి నాంపల్లి క్రిమినల్ కోర్టు మెట్ల మీద అప్పులవాళ్లు ఎందుకు కూర్చుంటున్నారు? ఒక ఖాళీ చెక్కు వల్ల. అప్పు ఇచ్చేటప్పుడే సంతకం పెట్టించుకున్న ఖాళీ చెక్కు తీసుకుంటారు. గొడవ వచ్చిన రోజున తమకు నచ్చిన అంకె రాసి బ్యాంకులో వేస్తారు. అది తిరిగొస్తుంది. అంతటితో సివిల్ బాకీ కాస్తా క్రిమినల్ కేసు అవుతుంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 1989 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. పైగా ఆ చెక్కు బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పులవాడే. వ్యాపారుల మధ్య నమ్మకం కోసం తెచ్చిన సెక్షన్ వడ్డీ వ్యాపారి చేతిలో కట్టె అయ్యింది.

నోటీసు వస్తే భయంతో తీసుకోకుండా తిప్పి పంపకండి. నోటీసు అందాక కట్టడానికి 15 రోజుల గడువుంటుంది. ఆలోపే వకీలుతో జవాబు ఇప్పించండి, ఎంత తీసుకున్నారో ఎంత కట్టారో అందులో రాయించండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా వకీలును పెట్టించే బాధ్యత 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సర్కారు మీద పెట్టింది. అది మన హక్కు, దయ కాదు.

రాజు అప్పుకు లెక్క అడిగారు!

అప్పుల చరిత్ర ఈ నగరానికి కొత్తది కాదు. ఆబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరంలో కోఠి రెసిడెన్సీ ఉంది. ఆ నీడలోనే పామర్ కంపెనీ నిజాం సర్కారుకు భారీ వడ్డీకి అప్పులిచ్చి బలిసింది. 1820లో 60 లక్షల అప్పు కథ మీద రెసిడెంటు మెట్‌కాఫ్ లెక్కలు అడిగాడు. అసలెంత, వడ్డీ ఎంత, ఎవరెవరు మింగారు అని తవ్వాడు. ఆఖరుకు 1823లో సర్కారు జిల్లాల మీద నిజాముకు ఏటా రావాల్సిన పేష్కష్‌ను ఒక్కసారి ముట్టే సొమ్ముగా మార్చి, కోటి రూపాయలకు పైగా ఆ బాకీ కిందనే జమ చేసుకున్నారు. 1853లో మళ్లీ సైన్యం బాకీల పేరు చెప్పి బీరార్‌ను ఇంగ్లీషు కంపెనీ గుంజుకుంది.

వడ్డీకి రాజ్యాలు కూడా పోతాయనడానికి మన చరిత్రే సాక్ష్యం. అయినా రాజు అప్పుకు లెక్క అడిగిన మనిషి ఒకడున్నాడు. బట్టల షాపు గుమాస్తా అప్పుకు లెక్క అడిగేదెవరు?

బ్యాంకులు ఎవరివి?

గన్‌ఫౌండ్రీలో 1942 ఏప్రిల్‌లో తలుపులు తెరిచిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు మన గడ్డ మీద మన సొమ్ముతో పుట్టింది. 2017 ఏప్రిల్ 1న దాన్ని స్టేట్ బ్యాంకులో కలిపేశారు. పేరు పోయింది. ఆ బ్యాంకు ఉన్ననాడూ ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మేవాడికి లోను సులువుగా దొరకలేదు, పోయాకా దొరకలేదు. 2020 జూన్‌లో స్వనిధి పథకం తెచ్చాకనే వీధి వ్యాపారి కాగితం మీద కనిపించాడు. మొదటి లోను అప్పట్లో పదివేలు ఉండేది. ఇది మంచి పనే. కానీ ఆ పథకంలో షాపు గుమాస్తా లేడు, ఆయా లేదు, లాడ్జి రూంబాయ్ లేడు, హోటల్లో గిన్నెలు కడిగే పిల్లవాడు లేడు.

2014-15 నుంచి 2023-24 దాకా పదేళ్లలో బ్యాంకులు 16.35 లక్షల కోట్ల రూపాయల బాకీలను ఖాతాల్లోంచి తీసేశాయని కేంద్రమే 2025 మార్చిలో పార్లమెంటుకు చెప్పింది. "అది మాఫీ కాదు, పుస్తకాల్లో సర్దుబాటు, వసూలు ప్రయత్నం సాగుతూనే ఉంటుంది" అని జవాబు. సరే, ఒప్పుకుందాం. మరి ఆ పెద్దల ఇళ్ల ముందు ఎవరైనా బండి ఆపి అరిచారా?

సొంత రాష్ట్రంలో పట్నం బీదలకు చోటేది?

2010 అక్టోబర్‌లో మైక్రో ఫైనాన్సు మీద ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. వడ్డీ అసలును మించకూడదన్నది తర్వాత చట్టంగా మారిన ఆ శాసనంలోని ప్రాణం లాంటి మాట. రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఫైనాన్సు కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో హైకోర్టు చెప్పింది. రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి పెట్టిన హద్దు ఏమిటంటే, ఇంటి ఆదాయంలో సగానికి మించి కిస్తీలు ఉండకూడదు. పైన చెప్పిన ఇంటికి ఇదే లెక్క వేస్తే 13 వేల కిస్తీ దాకా ఫరవాలేదన్న మాట. మిగులు రెండు వేలు!

రాష్ట్రం వచ్చాక 2016లో రుణ విమోచన కమిషన్ చట్టం చేశారు. దాని పేరులోనే ఉంది: చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారు. రైతుకు రక్షణ ఉండాల్సిందే. 2024లో జరిగిన రెండు లక్షల రుణమాఫీని చూసి పట్నపు కూలోడు ఏనాడూ కుళ్లుకోలేదు. ఆయన అన్న, తమ్ముడు ఊర్లో రైతులే. మా ప్రశ్న ఒక్కటే. ఊర్లో ఎవుసం ఎత్తిపోయి పట్నం వచ్చినోడు కూలీ కాకుండా పోయిండా?

కేంద్రం సంగతి ఇంకా విడ్డూరం. 2016 దివాలా చట్టంలో పేదల కోసం 'ఫ్రెష్ స్టార్ట్' అని ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60 వేలు, అప్పు 35 వేలు మించనివాళ్లకు బాకీ నుంచి విముక్తి. ఆ హద్దుల్లో పట్టేది పిడికెడు మందే. అదీ అమలు చేయలేదు. 2019 డిసెంబర్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగంలోంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్న యజమానుల ముక్కను మాత్రమే అమల్లోకి తెచ్చి, బీదల ముక్కను పక్కన పెట్టారు.

మేం అడుగుతున్నది ఇదీ

అందరి బాకీలూ ఎత్తేయమని మేం అనడం లేదు. మేనమామ ఇచ్చిన అప్పును, కిరాణా కొట్టు ఉద్దెరను మన జనం ఏనాడూ ఎగ్గొట్టలేదు. మేం అడిగేది లెక్క.

2016 కమిషన్ పరిధిలోకి పట్టణ కూలీలను, చిన్న జీతగాళ్లను తేవాలి. లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయొద్దన్న 1349 ఫస్లీ నాటి తెలంగాణ చట్టం ఇంకా ఉంది. దాని కింద లైసెన్సు ఉన్నదెవరికో ప్రతి వార్డు ఆఫీసులో జాబితా అంటించాలి. వడ్డీ అసలును మించకూడదన్న సూత్రాన్ని అందరికీ వర్తింపజేయాలి. ఖాళీ చెక్కు, ఖాళీ ప్రామిసరీ నోటు తీసుకోవడాన్నే నేరంగా చూడాలి. ఫ్రెష్ స్టార్ట్ హద్దులు పెంచి అమలు చేయాలి.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం లేకుండా నిలబడ్డవాళ్లు మీరు. ఉద్దెర మీద ఇల్లు నడవడం అంటే ఏమిటో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. మీ శాఖల పరపతి సంఘాల్లో ఔట్‌సోర్సింగ్ వాళ్లకు, అటెండర్లకు, స్వీపర్లకు సభ్యత్వం ఇవ్వండి. జమానతు సంతకం పెట్టేముందు కాగితం చదవండి. కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో మీదీ అంతే.

విద్యార్థులకు ఇంకో మాట. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల కోసం 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. సర్కారు ఆ బాకీ ఆపితే అది మీ అమ్మ మెడలోని పుస్తెలతాడు మీద పడుతుంది. కాబట్టి ఫీజుల పోరాటం, అప్పుల పోరాటం రెండు కావు. ఈ ఆదివారం ఇంట్లో ఒక నోటు పుస్తకం తీయండి. ఎవరి దగ్గర ఎంత తెచ్చారు, చేతికి ఎంత వచ్చింది, ఇప్పటిదాకా ఎంత కట్టారు, ఎన్ని చెక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి, వరుసగా రాయండి. అసలు ఏనాడో తీరిపోయిందని చాలా ఇళ్లల్లో తేలుతుంది.

వడ్డీ వ్యాపారికి అప్పులోడి సిగ్గే ఆస్తి. ఆ లెక్కను నలుగురిలో చదివిన రోజున అతని ఆస్తి కరుగుతుంది. తలవంచుకోవాల్సింది మన ఇల్లాలు కాదు. నూటికి ఎనభై గుంజినోడు, గుంజుతుంటే చూసుకుంట కూర్చున్న సర్కారు.