నేల మాట – 11: పొరుగును అడగని భవనం

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి మాట దగ్గరే మొదలుపెడతాను. సచివాలయం. సంస్కృతంలో ఆలయమంటే నివాసం మాత్రమేనని పండితులు సర్దిచెబుతారు. కానీ తెలుగు నేల మీద ఆలయమంటే గుడి. గుడి ఎక్కడ కట్టాలో, దాని ముందు ఎవరు నిలబడకూడదో మన తాతలను అడిగి తేల్చలేదు. తెలంగాణ సచివాలయం కట్టిన తీరు చూస్తే ఆ మాటకు మన అర్థమే సరిపోయింది.

వరస గుర్తు చేసుకోండి. పాత సచివాలయానికి వాస్తు బాగాలేదన్నారు. 2015లో కళ్లు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి మీద పడ్డాయి. అక్కడి క్షయ రోగులను వికారాబాద్ దగ్గరి అనంతగిరికి పంపేసి, ఆ స్థలంలో సచివాలయం కడతామన్నారు. బస్సు చార్జీ కూడా లెక్కపెట్టుకుని వచ్చే రోగులు వాళ్లు. వాళ్ల ఆసుపత్రి ఖాళీ జాగాలాగా కనిపించింది. అది ఆగింది. తర్వాత సికింద్రాబాద్ బైసన్ పోలో మైదానం. అదీ ఆగింది. చివరికి ఉన్న సచివాలయాన్నే 2020 జూలైలో, కరోనా మధ్యలో, చుట్టుపక్కల రోడ్లు మూసి కూల్చారు. అందులో కొన్ని బ్లాకులకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

నిక్షేపంగా ఉన్న కట్టడాన్ని కూల్చడమంటే దానిలో పోసిన సిమెంటు, ఇనుము, ఇసుక, నీళ్లు అన్నీ మట్టిపాలు చేసి, మళ్లీ అంతకు మించి తవ్వుకురావడం. ఆ కంకర కోసం ఎక్కడో ఒక గుట్ట కరుగుతుంది. ఆ ధూళి ఇక్కడ ఎవరి ఊపిరిలోకి పోతుంది? కూలీల ఊపిరిలోకి, వాచ్‌మెన్ ఊపిరిలోకి, తెల్లారకముందే ఆ రోడ్లు ఊడ్చే మన అక్కాచెల్లెళ్ల ఊపిరిలోకి. రాతి ధూళిలోని సిలికా పీల్చిన వాళ్లకు క్షయ ముప్పు ఎక్కువని వైద్యశాస్త్రం ఏనాడో చెప్పింది. క్షయ ఆసుపత్రిని తరలించాలని చూసిన ఏలికలకు ఈ ధూళి ఒక లెక్కా?

పక్కనే హుస్సేన్ సాగర్. చుట్టూ నేల ఎంత కాంక్రీటైతే వాన నీరు అంత ఇంకకుండా సాగర్‌లో పడుతుంది. సాగర్ నిండితే ఆ నీళ్లు నాలా పట్టుకుని, లోయర్ ట్యాంక్‌బండ్ కింది బస్తీలను ఒరుసుకుంటూ మూసీకి పోతాయి. నాలా పొంగిన రాత్రి మంచాల మీద సామాను ఎత్తిపెట్టుకునేది ఎవరో చెప్పాలా?

ఇంత జరిగితే చట్టం ఏం చేసిందంటారా? 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మాణానికి ముందస్తు అనుమతి కావాలి. పల్లెలో పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలంటే కనీసం షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ అనే తంతు జరుపుతారు. భవన నిర్మాణాలకు ఆ తంతు కూడా అక్కర్లేదని అదే నోటిఫికేషన్ మినహాయించింది. కూల్చివేత మీద హైకోర్టుకు వెళ్తే, కూల్చడానికి పర్యావరణ అనుమతి అవసరం లేదన్న వాదనే నెగ్గింది. అంటే కూల్చేటప్పుడూ కట్టేటప్పుడూ పక్కింటివాడికి నోరు లేదు.

ఇరుగుపొరుగుల ఇబ్బంది అనే మాట సర్కారుకు తెలియదనుకోకండి. 2017లో ఇందిరా పార్కు ధర్నాచౌక్ ఎత్తేసినప్పుడు చెప్పిన సాకు అదే. ట్రాఫిక్‌కు ఇబ్బందట, కాలనీవాసులకు ఇబ్బందట, వాకింగ్‌కు వచ్చేవాళ్లకు ఇబ్బందట! మన గొంతు లేస్తే పొరుగువాడు గుర్తొస్తాడు, వాళ్ల బుల్డోజర్ లేస్తే మాయమవుతాడు.

"బాబాసాహెబ్ పేరు పెట్టుకున్న భవనాన్ని నువ్వే తప్పుపడతావా?" అని కొందరు అంటారు. ఆ పేరు చూస్తే నాకూ ఛాతీ ఉప్పొంగుతుంది. కానీ కూల్చింది 2020లో, పేరు ప్రకటించింది 2022లో. పేరు తర్వాత వచ్చింది. పేరు వచ్చాక ప్రశ్న ఆగాలన్న రూలు అంబేద్కర్ రాయలేదు. 1927లో మహాద్‌లో ఆయన చెరువులోకి దిగింది ఊరుమ్మడి నీటి మీద మనకూ హక్కుందని చెప్పడానికే. ఆ హక్కులో నీళ్లు తాగడంతో పాటు, ఆ చెరువు గట్టున ఏం కడుతున్నారని అడగడం కూడా ఉంది.

ప్రభుత్వం మారింది, అలవాటు మారలేదు. కొత్త హైకోర్టు కోసం రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ భూమి 100 ఎకరాలు కేటాయిస్తే, 2024 జనవరిలో అక్కడి విద్యార్థులు రోడ్డెక్కాల్సి వచ్చింది. ముందే అడిగుంటే ఎక్కేవారా? రేపు మీ ఊళ్లో కలెక్టరేటు కావచ్చు, కార్పొరేషన్ ఆఫీసు కావచ్చు.

విద్యార్థి మిత్రులారా, శంకుస్థాపన శిలాఫలకం లేవకముందే ఈ ప్రశ్నలతో వెళ్లండి. పాత భవనం ఎందుకు పనికిరాదు, ఇంజనీర్ల నివేదిక చూపించండి. శిథిలాలు ఎక్కడ పోస్తారు? వాన నీరు ఎటు పంపుతారు? పక్క బస్తీలో సభ ఎప్పుడు పెడతారు? సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ భవనాలకు బహిరంగ విచారణ తప్పనిసరి చేయాలని మన సంఘాలన్నీ తీర్మానాలు చేయాలి.

ప్రజల డబ్బుతో కట్టే ఇంటికి ప్రజల అనుమతి అడగడం దయ కాదు, బాకీ. ఆ బాకీ వసూలు చేద్దాం.

జై భీమ్.