రోగం దారి, కూలి దారి

2020 మార్చి చివర్లో మా ఊరి పొలిమేరలో ముళ్లకంప అడ్డమేశారు. బొంబాయి నుంచి సగం దూరం లారీల మీద, సగం దూరం కాలినడకన వచ్చిన మా వాడ కూలీలను కంప అవతలే నిలబెట్టారు. "రోగం మోసుకొచ్చిండ్రు, ఊర్లెకు రావద్దు" అన్నారు. అట్లా నిలబడ్డవాళ్లలో నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలున్నారు. వాళ్ల చంకల్లో పసిబిడ్డలున్నారు. అదే వారం విమానం దిగి కారులో వచ్చిన పెద్దింటి పిల్లాడికి మాత్రం కంప పక్కకు జరిగింది.

రోగం ఏ దారిన నడుస్తుందో తెలుసుకోవాల్సిందే. కాదనం. మనిషి కదిలితే రోగం కదులుతుంది. ఇది నింద కాదు, శాస్త్రం. మలేరియానే చూడండి. దోమ మహా ఎగిరితే ఒకటి రెండు మైళ్లు. వందల మైళ్లు పోయేది దోమ కాదు, మన నెత్తురులో ఉన్న మలేరియా క్రిమి. పనికి పోయిన చోట, కాలువ గట్టున దోమ కుడుతుంది. పదిరోజులకో రెండు వారాలకో జ్వరం వస్తుంది. ఆలోపు మేస్త్రి లెక్క తేల్చి పంపిస్తాడు. కూలి ఇల్లు చేరినాక జ్వరం బయటపడుతుంది. అంటిన చోటు ఒకటి, కనబడ్డ చోటు ఇంకొకటి. సరైన పటం లేకపోతే నింద వాడ మీద పడుతుంది.

ఆఫ్రికాలోని కెన్యాలో ఇట్లాంటి పటం గీశారు. 2008 జూన్ నుంచి 2009 జూన్ దాకా సుమారు 1.5 కోట్ల మొబైల్ ఫోన్లు ఏ టవరు నుంచి ఏ టవరుకు మారాయో, పేర్లు లేకుండా లెక్కగట్టారు. ఆ లెక్కను మలేరియా పటంతో కలిపి చూశారు. 2012లో ఫలితం అచ్చయింది. విక్టోరియా సరస్సు ప్రాంతం నుంచి ప్రయాణించే జనంతో పాటు క్రిమి రాజధాని నైరోబీ దాకా పోతోందని తేలింది. దీనర్థమేంటి? నైరోబీ బస్టాండులో మనుషుల్ని ఆపితే మలేరియా పోదు. సరస్సు దగ్గరి పల్లెల్లో దోమతెరలు, మందులు అందితే తగ్గుతుంది. పటం చెప్పేది మనిషిని ఆపమని కాదు, రోగాన్ని మొదలైన చోటే పట్టమని.

ఇంకో సంగతి. ఫోను లేనోళ్లు ఆ పటంలో పడరు. మన దగ్గర అయితే గుంపు మేస్త్రి ఫోను లెక్కకొస్తుంది. అతని వెనక నడిచిన ఆడోళ్లు, పిల్లలు రారు.

పటం పెద్దోళ్ల తప్పును కూడా పట్టిస్తుంది. 2010 అక్టోబరులో హైతీ దేశంలో కలరా లేచింది. మీర్‌బలే దగ్గర ఐక్యరాజ్య సమితి సైనికుల క్యాంపు మురుగు ఏటిలో కలుస్తోందని అక్కడి పేదలు మొదటి నుంచీ మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. ఫ్రాన్సు డాక్టరు రెనో పియారో తిరిగి తిరిగి రోగం పటం గీస్తే, దారి ఆ క్యాంపు దగ్గరికే పోయింది. సుమారు 10,000 మంది చచ్చిపోయారు. 2016 డిసెంబరులో గానీ ఐక్యరాజ్య సమితి క్షమాపణ చెప్పలేదు.

మన దేశానికి రండి. 2020 జనవరి 30న తొలి కరోనా కేసు కేరళలో, చైనా నుంచి వచ్చిన విద్యార్థికి. మార్చి 2న తెలంగాణలో తొలి కేసు, దుబాయ్ పోయివచ్చిన యువకుడికి. వాళ్ల తప్పని అనడం లేదు. దారి చెబుతున్నాం: రోగం విమానంలో దిగింది. దెబ్బ మాత్రం కాలినడకోళ్లకు పడింది. మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి, నాలుగు గంటల్లో దేశాన్ని మూసేశారు. ఆనాటికి మహారాష్ట్రలో కేసులు వంద పైచిలుకు. కూలీల తొలి రైలు మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలేసరికి అక్కడ 11,000 దాటాయి. రోగం చిన్నగా ఉన్నప్పుడు ఇరుకు గదుల్లో ఆపి, ముదిరినాక ఊళ్లకు పంపారు. పైగా కూలీలే రోగం తెచ్చారన్నారు. బరేలీలో రోడ్డు మీద కూర్చోబెట్టి మనుషుల మీద క్రిమిసంహారక మందు చల్లారు. ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద పడుకున్న 16 మంది మీదుగా గూడ్సు బండి పోయింది. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఎంతమంది వలస కూలీలు చనిపోయారో లెక్క లేదన్నారు.

లెక్క ఎందుకు లేదు? కాంట్రాక్టరు పేర్లు నమోదు చేయాలని, ఉచిత వైద్యం ఇవ్వాలని 1979లోనే అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం చెప్పింది. రాయించుకున్నోడు లేడు, రాయించినోడు లేడు. "దూరం, దూరం" అనే మాట మన వాడకు కొత్త కాదు. ఆ మాటకు ఈసారి రోగం పేరు దొరికింది, అంతే.

అందుకే అడుగుతున్నాం. పని చోటనే రక్త పరీక్ష చేయాలి, దోమతెరలివ్వాలి, మంచినీళ్లివ్వాలి. ఇంటికొచ్చిన కూలికి లాఠీ కాదు, ఆరోగ్య కార్యకర్త ఎదురు రావాలి. ఫోన్ల లెక్కలు పేర్లు తీసేసి వైద్యానికే వాడాలి, పోలీసు చేతికి పోకూడదు.

అన్నలారా, అక్కలారా, అడగడంతో ఆగొద్దు. వాడకొక నోటుబుక్కు పెట్టండి. ఎవరు, ఏ నెలలో, ఏ ఊరికి, ఏ మేస్త్రి కింద పోయారు? ఎప్పుడొచ్చారు? వచ్చినాక జ్వరమొచ్చిందా? చదువుకున్న పిల్లలతో రాయించండి. రోగుల పేర్లు మాత్రం బయట పెట్టొద్దు. ఒకే పని చోటు నుంచి వచ్చిన నలుగురికి జ్వరమైతే ఆ పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి, కలెక్టరాఫీసుకు పోదాం. మన దారి మనమే గీయకపోతే, రేపు ఇంకో రోగం వచ్చినప్పుడు మళ్లీ ముళ్లకంపే గీస్తుంది.