హాజరు పట్టిక చెప్పని సంగతి

తరగతి గదిలోని బెంచీ మీద నలుగురు విద్యార్థులు కూర్చున్నప్పుడు ఎవరి ఇంట ఎన్ని గదులున్నవో, ఎవరి తండ్రి ఆటో నడుపుతాడో, ఎవరి తండ్రికి దుకాణమున్నదో అధ్యాపకునికి కనిపించదు. మసీదులోని సఫ్ కూడా ఇటువంటిదే. భుజానికి భుజం ఆనించి నిలిచినప్పుడు యజమాని ఎవరో, నౌకరు ఎవరో వెనుక వరుసలోని వానికి తెలియదు. 2020లో కరోనా మహమ్మారి ఈ రెండింటినీ ఒకేసారి చెదరగొట్టినది. ఆ సంవత్సరం రంజాన్ మాసం ఏప్రిల్ 25న ప్రారంభమైనప్పుడు తరావీహ్ నమాజును ఎవరింట వారు చదువుకొన్నారు. మా తరగతులు ఫోనులోనికి వెళ్ళినవి. అప్పుడు గాని ఎవరి ఇల్లు ఎటువంటిదో మాకు తెలిసి రాలేదు.

ఈ వ్యాధికి ధనిక, పేద భేదము లేదని ఆ రోజులలో తరచుగా వినిపించేది. వ్యాధికి లేకపోవచ్చును, దాని నుండి దాగుకొనుటకు కావలసిన గోడలకు మాత్రం ఆ భేదమున్నది. మనిషికీ మనిషికీ నడుమ ఆరు అడుగుల దూరం పాటించుమన్నారు. పాతబస్తీలో ఆరుగురు నిద్రించే గదులున్నవి, వాటి పొడవే పది అడుగులుండదు. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన వెలువడి, అర్ధరాత్రి నుండి దేశమంతా మూతపడినది. నెలజీతం గల మావంటి వారికి ఆ నాలుగు గంటల వ్యవధి బియ్యం, పప్పులు తెచ్చుకొనుటకు చాలినది. పొరుగు రాష్ట్రాల నుండి వచ్చి మన నగరంలో ఇండ్లు కట్టే కూలీల సంగతి వేరు. వారిలో సుమారు 1,200 మందితో లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి ప్రత్యేక రైలు కదలిన నాడు తేదీ మే 1. అప్పటికి 37 రోజులు గడచినవి. ఎందరో అంతకు ముందే కాలినడకన బయలుదేరినారు.

లాడ్ బజారులో లక్క గాజుల వ్యాపారానికి రంజానే పంటకాలం. ఆ గాజులపై రాళ్ళు అద్దే పని అనేకుల ఇండ్లలోనే జరుగుతుంది. ఆ నెల దుకాణాలు తెరువలేదు కనుక ఇండ్లలో పనీ లేదు. ప్రభుత్వం ఆహార భద్రత కార్డు గల కుటుంబాలలో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చినది. ఆ బియ్యం ఆకలిని ఆపినవి, కాదనము. ఇంటి అద్దె మాత్రం ఆగలేదు.

ఇటువంటి ఇండ్లలోనికే మేము ఫోను ద్వారా ప్రవేశించి తెలుగు పాఠం చెప్పినాము. పట్టికలో అరవై పేర్లుండగా తెరపై ఇరవై కనిపిస్తే అది మంచి రోజు. తక్కినవారిని సోమరులని తలచి ‘గైర్హాజరు’ అని వ్రాస్తూ పోయినాము. 2017–18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం గల కుటుంబాలు వందకు 24 మాత్రమే. ఆ లెక్కను మేము చదువకపోలేదు. చదివిన లెక్కకూ, చేతిలోని పట్టికకూ గల సంబంధం మాత్రం మా బుద్ధికి తట్టలేదు.

ఒకనాడు ఒక విద్యార్థిని కెమెరా తెరువలేదని అందరూ వింటుండగా మందలించినాము. ఆమె మారు పలుకలేదు. కొంతసేపటికి తెరపై నాలుగు మాటలు వ్రాసినది: “సార్, మాకు ఒకటే గది.” ఆ గదిలో తల్లి ఉండవచ్చును, నాయనమ్మ ఉండవచ్చును, పర్దా పాటించే ఇంటిలోనికి అరవై మంది చూపును పంపుమని మేము ఆజ్ఞాపించినామన్న మాట. మేము కూడా ఇటువంటి ఇంటిలోనే పుట్టి పెరిగినవారము. అయినను ఆ క్షణాన స్ఫురించలేదు. ఇంకొక మాట దాచుట ఎందుకు? ఆరవేసిన బట్టలు కనిపించకుండా మేము పుస్తకాల బీరువా ముందు కుర్చీ వేసుకొని పాఠం చెప్పేవారము. మాకు కుర్చీ జరుపుకొనుటకు చోటున్నది.

తరువాత విచారించగా తెలిసినది: ఆ ఇంట ఫోను ఒకటే. పగలు తండ్రితో పోతుంది. సాయంత్రం మొదట అన్నకు, అతని పని ముగిసిన పిదప చెల్లెలికి. ఆడపిల్ల వంతు వచ్చేసరికి ఆ నాటి డేటా అయిపోయేది. చదువులో ఆమె అన్న కంటె వెనుకబడినదని ఎవరైనా అంటే మేము ఒప్పుకొనము.

2021 ఫిబ్రవరి 1న కళాశాలలు తెరచినారు, మార్చి 24న మరల మూసినారు, సెప్టెంబరు 1న మరల తెరచినారు. ఆ నడుమ కొందరు కుర్రవాళ్ళు వెల్డింగు దుకాణాలలోను, సరుకులు చేరవేసే పనిలోను కుదిరి ఇక రాలేదు. వారి పేర్ల ఎదుట మేము వ్రాసిన ‘గైర్హాజరు’ ఇప్పటికీ పాత పట్టికలో ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. మా కళాశాలలో అది పూర్తిగా ముగిసినదని చెప్పలేము. ఆపత్కాలంలో ఏర్పడిన అలవాటు నిలిచిపోయినది. పరీక్షల ప్రకటన, నోట్సు, అసైన్‌మెంటు, ఫీజు గడువు, అన్నీ ఫోనులోనే వస్తున్నవి. నోటీసు బోర్డుపై గత సంవత్సరపు క్రీడల కాగితం వేలాడుతున్నది. ఫోను ఇప్పుడు అందరి వద్ద ఉన్నదని అంటారు. ‘అందరి వద్ద’ అంటే ‘అందరి ఇండ్లలో’ అని అర్థం చేసుకొనవలెను. ఆ రెంటి మధ్య గల దూరంలో మా విద్యార్థినులు ఉన్నారు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఖర్చుతో కూడినది కాదు. ఏ ప్రకటన అయినను కాగితంపై కూడ అంటించవలెను. గ్రంథాలయమును సాయంత్రం మరి రెండు గంటలు తెరచి ఉంచవలెను. హాజరు తగ్గినదని జరిమానా వేయుటకు ముందు ఆ పిల్లను పిలిచి ఒక మాట అడుగవలెను. ఈ చివరిది మాకు మేము కూడా చెప్పుకొంటున్నాము.

ఈ సంవత్సరం మొదటి అసైన్‌మెంటు ప్రశ్నలను మేము చేతితో వ్రాసి తెలుగు శాఖ తలుపు ప్రక్కన అంటించినాము. చాలమంది ఫోనుతో ఫోటో తీసుకొని పోయినారు. నలుగురైదుగురు మాత్రం అక్కడనే గోడకు నోటు పుస్తకం ఆనించి నిలబడి, చివరి ప్రశ్న వరకు ఎక్కించుకొన్నారు.