చిల్లు ఎక్కడ పెట్టారో ఊరికి తెలియాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల రైతుకు ఫిల్టరు పాయింటు గురించి ఒకరు చెప్పనక్కరలేదు. గొట్టం ఎంత మంచిదైనా, ఇంజను ఎంత పెద్దదైనా, గొట్టానికి పెట్టిన చిల్లులు ఏ పొరలో కూర్చున్నాయన్నదే అసలు సంగతి. మంచి ఇసుక పొరలో కూర్చుంటే తియ్యని నీరు వస్తుంది. ఇంకొంచెం కిందికి దిగితే ఉప్పునీరు వస్తుంది. చమురు బావికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒక్కటే తేడా. ఫిల్టరు పాయింటు లోతు పొలం గల ఆసామికి తెలుసు. చమురు బావి సంగతి ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఈ పరిస్థితి మారవలసి ఉంది.

మనకెందుకీ గొడవ?

చమురు బావులు కోనసీమలో కదా, మనకెందుకని కొందరు అనవచ్చు. కాని కృష్ణా-గోదావరి చమురు క్షేత్రం గోదావరి ఒడ్డుతో ఆగిపోలేదు. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ క్షేత్రాన్ని కృష్ణా, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి అని మూడు లోయలుగా విభజించారు. వాటిని వేరు చేస్తూ భూమి లోపల పూడిపోయి ఉన్న రెండు రాతి గట్లలో ఒకదానికి తణుకు పేరు, మరొకదానికి బాపట్ల పేరు పెట్టారు. మనం వరి పండిస్తున్న ఒండ్రుమట్టి కింద ఉన్న రాయి చమురు పటంలో ఎప్పుడో ఎక్కింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల కొత్త జిల్లా అయింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లాలు వేరైనా భూమి కింద ఇసుక, నీరు వేరుపడలేదు. బావి రేపు వచ్చినా, పదేళ్ళకు వచ్చినా, అసలు రాకపోయినా, ఏమి అడగాలో ముందే తెలిసి ఉండడం మంచిది.

భూమిలో తుపాకీ

చమురు బావిని రెండు మూడు కిలోమీటర్లు, ఒక్కొక్కచోట అంతకంటె ఎక్కువ లోతు తవ్వుతారు. తవ్విన కంత కూలిపోకుండా ఉక్కు గొట్టాలు దించుతారు. గొట్టానికీ మట్టికీ మధ్య ఉన్న సందును సిమెంటుతో నింపుతారు. అప్పుడు బావి నాలుగు వైపులా మూసుకుపోయినట్టే. బయట రాతిలో చమురు ఉన్నా లోపలికి రాదు. దానికి దారి చేయడానికి ఆ లోతులో గొట్టాన్నీ, సిమెంటునూ, రాతినీ ఒకేసారి తొలవాలి. ఈ పనికి వాడే సాధనాన్నే పెర్ఫొరేటింగు గన్ అంటారు.

మొదట్లో ఇది నిజంగా తూటాలు పేల్చే తుపాకీయే. 1932లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లేన్-వెల్స్ సంస్థ దీనిని బావిలోకి దించి గొట్టానికి చిల్లులు పెట్టింది. రెండవ ప్రపంచయుద్ధంలో ట్యాంకుల ఉక్కు పలకలను చీల్చిన బజూకా వచ్చాక పద్ధతి మారింది. ఆ ఆయుధం వెనుక ఉన్న స్విట్జర్లాండు నిపుణుడు హెన్రీ మొహౌప్ట్ యుద్ధం తర్వాత అదే విద్యను చమురు బావులకు మళ్ళించాడు. ఇందులో తూటా ఉండదు. పేలుడు మందును గరాటు ఆకారంలో అమర్చి, ఆ గరాటుకు పలుచని లోహపు తొడుగు వేస్తారు. మందు పేలగానే తొడుగు నలిగి, సన్నని ధారగా మారి, సెకనుకు 7, 8 కిలోమీటర్ల వేగంతో ముందుకు దూసుకుపోతుంది. వేలు పట్టేంత చిల్లు పడుతుంది. రాతిలోకి అడుగో, రెండడుగులో, ఇంకా పైనో పోతుంది.

ఎక్కడ పేల్చాలన్నది కంటితో చూసేది కాదు. రాళ్ళ నుంచి సహజంగా వెలువడే కిరణాలను కొలిచి, గొట్టాల అతుకులను లెక్కపెట్టి, లోతు నిర్ణయిస్తారు. నాలుగడుగులు తప్పితే చమురుకు బదులు నీరు రావచ్చు. అప్పుడు మళ్ళీ సిమెంటు పంపి ఆ చిల్లులు పూడ్చాలి. లక్షలు ఖర్చు.

పేటెంటు అంటే దాపరికం కాదు

ఈ గన్నులలో, మందు అమరికలలో అనేకం పేటెంటు పొందినవి. "ఇది పేటెంటు వస్తువు, వివరాలు చెప్పకూడదు" అని ఎవరైనా అంటే పల్లెటూరి మనిషి నోరు మూసుకునే ప్రమాదం ఉంది. ఇక్కడే జాగ్రత్త అవసరం.

పేటెంటు అంటే రహస్యం అని అర్థం కాదు. దానికి సరిగ్గా వ్యతిరేకం. తాను కనిపెట్టినదాన్ని నలుగురికీ అర్థమయ్యేటట్టు రాసి ప్రభుత్వానికి ఇచ్చి, దానిని బహిరంగం చేసినందుకు ప్రతిఫలంగా కొన్నాళ్ళపాటు మరొకరు వాడకుండా హక్కు పొందడమే పేటెంటు. మన దేశంలో ఆ గడువు 20 ఏళ్ళు. సాధనాన్ని నకలు తీయడానికి పేటెంటు అడ్డం. ఆ సాధనాన్ని మా ఊళ్ళో ఎప్పుడు, ఎంత లోతున వాడారని అడగడానికి అడ్డం కాదు.

విద్య ఒకరి గుప్పిట్లో ఉంటే ఏమవుతుందో అమెరికా చరిత్రలోనే ఉంది. 1865లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర ఎడ్వర్డ్ రాబర్ట్స్ అనే సైనికాధికారి బావి అడుగున మందు పేల్చి చమురు పెంచే పద్ధతిని చూపించి, పేటెంటు పొందాడు. ఒక్కో పేలుడుకు 100 నుంచి 200 డాలర్లు, పైగా పెరిగిన చమురులో పదిహేనో వంతు వసూలు చేశాడు. అది భరించలేనివారు రాత్రిపూట వెన్నెట్లో దొంగతనంగా మందు దించి పేల్చేవారు. రాబర్ట్స్ కోర్టుల చుట్టూ తిరగడానికే రెండున్నర లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడంటారు. లెక్కలో లేని చిల్లులు ఊరికి మిగిలాయి. అనుమతి లేకుండా రాత్రికి రాత్రే బోరు దించే అలవాటు మన దగ్గరా ఉంది కనుక ఈ కథ మనకు కొత్త కాదు.

బాపట్ల నేర్పిన పాఠం

చిల్లు విద్యలో మనం మరీ వెనుకబడినవాళ్ళం కాదు. సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో దొరువులు తవ్వి, కుండలతో నీళ్ళు పోసి కూరగాయలు పండించిన తాతల కాలం నుంచీ ఈ ప్రాంతానికి ఒక సంగతి తెలుసు. మంచినీరు పైన తేలుతుంది, ఉప్పునీరు కింద ఉంటుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం శాస్త్రజ్ఞులు ఈ దొరువునే మెరుగుపరిచారు. చిల్లుల గొట్టాలకు జాలీ చుట్టి, నిలువుగా దించకుండా ఇసుకలో అడ్డంగా పరిచి, పైనున్న తియ్యని నీటిని మాత్రమే మధ్య బావిలోకి రాబట్టారు. మీగడ తీసినట్టు అన్నమాట.

అలా ఎందుకు చేయాలో లెక్క కూడా ఉంది. తీరంలోని ఇసుక నేలల్లో సముద్రమట్టానికి పైన ఉన్న మంచినీరు 1 అడుగు తగ్గితే, కింద ఉప్పునీటి హద్దు సుమారు 40 అడుగులు పైకి జరిగే స్వభావం ఉంది. నిజాంపట్నం వైపు గాని, సూర్యలంక వైపు గాని ఒకసారి ఉప్పు ఎక్కిన పాయింటు మళ్ళీ తియ్యబడడానికి ఎన్నేళ్ళు పడుతుందో అనుభవించినవారికే తెలుసు.

అసలు ప్రమాదం ఎక్కడ?

లేనిపోని భయాలు పెంచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రెండు కిలోమీటర్ల లోతున పేలే మందు మన 30, 40 అడుగుల ఫిల్టరు పాయింటును పాడు చేయదు. ప్రమాదం పై భాగంలో ఉంది. గొట్టం చుట్టూ సిమెంటు సరిగా పట్టకపోతే కింది ఉప్పునీరు, వాయువు ఆ సందు గుండా పైపొరలకు ఎక్కవచ్చు. చమురుతోపాటు వచ్చే ఉప్పునీటిని కాలువలో వదిలితే పొలం పోతుంది. పని అయిపోయిన బావిని సరిగా పూడ్చకపోతే తరతరాలకూ తలనొప్పి.

పెద్ద ప్రమాదాలు కూడా మరిచిపోరానివి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. బావి తవ్వకం సాగుతుండగా వాయువు ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. అది మన రేపల్లె పక్క నగరం కాదు, కోనసీమ నగరం. పేరు ఒకటే కావడం యాదృచ్ఛికమే గాని, ఇళ్ళ మధ్య గొట్టం వెళ్ళే ఏ ఊరికైనా ఆ పాఠం ఒకటే.

ఇంతటి విషయంలో ఊరి మాట వినే అవకాశం పెరగవలసింది పోయి తగ్గింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అన్వేషణ బావులను బి-2 తరగతిలోకి మార్చింది. ఆ తరగతికి ప్రజాభిప్రాయ సేకరణ సభ అక్కరలేదు. ఉత్పత్తి దశకు మాత్రమే ఆ నియమం మిగిలింది. అంటే మొదటి కంత పడేటప్పుడు ఊరిని అడగరు, బావి ఫలించాక అడుగుతారు. పెళ్ళి అయ్యాక పిల్ల ఇష్టం అడిగినట్టుంది ఇది.

అడగవలసినవి నాలుగే

చమురు దేశానికి కావాలి. బావులే వద్దనడం న్యాయం కాదు. చమురు ఏ పొరలో ఎంత ఉందో చెప్పమని ఊరు అడగనక్కరలేదు, అది వ్యాపార విషయం కావచ్చు. కాని నాలుగు విషయాలు పంచాయతీ బోర్డు మీద తెలుగులో ఉండాలి. మొదటిది, పై పొరల్లో గొట్టం ఎంత లోతుదాకా వేశారు, సిమెంటు పట్టిందని పరీక్షలో తేలిందా? రెండవది, పేలుడు ఏ రోజు, సుమారు ఎంత లోతున, మంచినీటి పొరకు ఎంత కింద? మూడవది, పని మొదలవక ముందు, అయిన తర్వాత చుట్టుపక్కల బావుల నీటి పరీక్ష ఫలితాలు. నాలుగవది, బావి మూసినప్పుడు ఎలా పూడ్చారు, దానికి ఎవరు జవాబుదారీ?

వీటిలో పేటెంటుకు భంగం కలిగించేది ఒక్కటీ లేదు. 2005 సమాచార హక్కు చట్టం ఎలాగూ ఉంది. కాని పౌరుడు అర్జీ పెట్టి నెల రోజులు ఎదురుచూడకుండా, అధికారులే ముందుగా చెప్పడం మర్యాద.

మనవైపు బాధ్యత కూడా ఉంది. మన ఫిల్టరు పాయింట్ల లోతు, నీటి రుచి ఏ ఊళ్ళోనూ ఒక పుస్తకంలో రాసి లేవు. రేపు నీరు ఉప్పెక్కితే, అది బావివల్లనా, మన అతి తోడకంవల్లనా అని తేల్చడానికి ఆధారం ఉండదు. భూగర్భ జలశాఖ, బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు, గ్రామ సచివాలయాలు కలిస్తే ఒక్క వేసవిలో తీర మండలాల పాయింట్లన్నిటికీ పట్టిక తయారు కాగలదు. బాపట్ల, గుంటూరు జిల్లాల కలెక్టర్లు ఈ వేసవికే ఆ పని చేపట్టడం ఎంతైనా అవసరం.