తీగ లేని కంప్రెషర్‌ను నమ్ముకోవచ్చా?

కొత్త ఇల్లు. గోడలు లేచాయి. స్లాబు పడింది. తలుపులూ వచ్చేశాయి. మీటరొక్కటే రాలేదు! గృహప్రవేశానికేమో ముహూర్తం దగ్గర పడుతోంది. వడ్రంగి చేతిలో మేకుల గన్ను సిద్ధంగానే ఉంది. దానికి గాలి కావాలి. గాలికి కంప్రెషర్ కావాలి. కంప్రెషర్‌కు కరెంటు కావాలి. పక్కింటి నుంచి సన్న వైరు లాగితే వోల్టేజీ చాలక మోటారు మూలుగుతుందే తప్ప తిరగదు. జగిత్యాల నుంచి ఆసిఫాబాద్ దాకా ఏ ఊళ్లోని మేస్త్రీనడిగినా ఇలాంటి కథ ఒకటి చెబుతాడు.

ఈ తిప్పలు తప్పించడానికే బ్యాటరీతో నడిచే కంప్రెషర్లు వచ్చాయి. వైరుతో పనిలేదు, చేత్తో పట్టుకుని మేడెక్కొచ్చు. బాగానే ఉంది. మరి పని మధ్యలో ఆగిపోతే? ఆ రోజు కూలి ఎవరిస్తారు?

లెక్క తెలిస్తే...

సాధారణంగా ఈ పనిముట్లకు వాడే బ్యాటరీ 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లది. రెండూ గుణిస్తే 90 వాట్-అవర్లు. అంటే 75 వాట్ల సీలింగ్ ఫ్యానును గంటకు పైగా తిప్పగలదన్నమాట. అదే ఒక హార్స్‌పవర్ మోటారుకైతే? హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఏడు నిమిషాల్లో బ్యాటరీ ఖాళీ!

అందుకే కంపెనీలు చిన్న మోటారు పెట్టి, గాలిని ట్యాంకులో దాచే ఉపాయం చేశాయి. మేకుల గన్ను ఒక్కో దెబ్బకు కొంచెం గాలే తాగుతుంది. ట్యాంకులో ఒత్తిడి తగ్గినప్పుడే మోటారు తిరుగుతుంది. మిగతా సమయం బ్యాటరీకి విశ్రాంతి. చెక్క పట్టీలు, బీడింగులు కొట్టడానికి, కారు టైరులో 30-35 పీఎస్ఐ గాలి నింపడానికి ఇది సరిపోతుంది.

ఆగకుండా గాలి కావాలంటే మాత్రం చేతులెత్తేస్తుంది. డివాల్ట్, మిల్వాకీ కంపెనీలు పని స్థలాల కోసం చేసిన 2, 2.5 గ్యాలన్ల బ్యాటరీ కంప్రెషర్లు 90 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర ఇచ్చే గాలి నిమిషానికి 1.2 ఘనపుటడుగులే. తలుపులకు రంగు కొట్టే స్ప్రే గన్నుకు అంతకు కొన్ని రెట్లు కావాలి.

బావుల కాలం నాటి కంప్రెషర్

కరీంనగర్ పల్లెల్లో 'కంప్రెషర్' అంటే పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తొచ్చేది ట్రాక్టరుకు బిగించిన యంత్రమే. బావి అడుగున బండ తగిలితే దాన్ని పిలిపించేవారు. జాక్‌హ్యామర్‌తో రంధ్రాలు వేసి, మందు పెట్టి పేల్చేవారు. 'టాన్ బ్రౌన్' రాయికి పేరుపడ్డ కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లోనూ గాలితోనే డ్రిల్లింగ్. ఒక్క జాక్‌హ్యామర్‌కే నిమిషానికి వంద ఘనపుటడుగుల దాకా గాలి కావాలి. బ్యాటరీది ఒకటింపావు కూడా కాదు! రెండింటి పేరూ కంప్రెషరే. ఒకటి చెరువు, ఒకటి చెంబు. చెంబుతో పొలం తడపాలనుకుంటే తప్పు చెంబుది కాదు కదా!

ఎండకు అలుగుతుంది

మన దగ్గర మరో చిక్కుంది. మే నెలలో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. లిథియం బ్యాటరీలను 40, 45 డిగ్రీలు దాటిన చోట ఛార్జి చేయొద్దని చాలా కంపెనీలు చెబుతాయి. గాలిని నొక్కేకొద్దీ పంపు కూడా కాలుతుంది. వేడి హద్దు దాటితే యంత్రం తనంతట తనే ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు, చెడిపోకుండా కాపాడుకోవడం. నీడలో పెట్టి చల్లారనిస్తే మళ్లీ నడుస్తుంది. చలికాలంలో ఆదిలాబాద్ ఏజెన్సీలో 5 డిగ్రీల దగ్గరికి దిగిన పొద్దున బ్యాటరీ తొందరగా నీరసిస్తుంది. అప్పుడు దాన్ని రాత్రి ఇంట్లో ఉంచి, తెల్లారాక పనికి తీసుకెళ్లడమే మందు.

కొనేముందు... కొన్నాక

* పీఎస్ఐ ఒక్కటే చూసి మురిసిపోవద్దు. నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో చూడాలి. గన్ను మీద రాసిన అంకెతో పోల్చాలి.
* రెండో బ్యాటరీ ధర కూడా కలిపి లెక్కేసుకోవాలి. ఒక్కదానితో రోజు గడవదు.
* బ్యాటరీ, విడిభాగాలు కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో దొరుకుతాయా? ప్రతిదానికీ హైదరాబాద్ పరుగెత్తాలంటే చౌక బేరం కూడా ఖరీదే.
* దుకాణంలోనే ట్యాంకు నింపి, మోటారు ఆపి, ముల్లు చూడాలి. గన్ను వాడకుండానే ముల్లు దిగుతుంటే ఎక్కడో లీకున్నట్టే.
* సాయంత్రం పనయ్యాక ట్యాంకు అడుగున ఉన్న వాల్వు తిప్పి నీళ్లు వదలాలి. గాలిలోని తేమే అలా నీరవుతుంది. ఉంచేస్తే లోపల తుప్పు. వానాకాలంలో మరీనూ.
* సేఫ్టీ వాల్వు బిగించి ఒత్తిడి పెంచే పని పొరపాటున కూడా చేయొద్దు. దుమ్ము దులుపుకోవడానికి ఒంటి మీదికి గాలి కొట్టుకోవద్దు. కంటికీ చెవికీ ప్రమాదం.

ఇంతకీ నమ్ముకోవచ్చా? మేకులు కొట్టే వడ్రంగి నిశ్చింతగా నమ్ముకోవచ్చు. రంగులేసే మేస్త్రీ వైరున్న కంప్రెషర్‌నే అట్టిపెట్టుకోవాలి. బండ కొట్టేవాళ్లకు డీజిలే దిక్కు. పనికి తగ్గ పనిముట్టు దొరికితే మీటరు రాకున్నా తలుపులు ముహూర్తానికి నిలబడతాయి. వడ్రంగి కూలీ నిలబడుతుంది.